"ఎందుకొచ్చినావు నాయనా" అనేశాను

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు పదిహేడేళ్లు. మాది చంద్రగిరి దగ్గర పల్లె. తిరుపతిలో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాను. 800 మీటర్లు పరిగెత్తుతాను. మా నాయనకు రెండు జెర్సీ ఆవులున్నాయి, పాలు కేంద్రానికి పోస్తాడు. రెండేళ్లుగా రోజూ తెల్లారుజామున నన్ను టీవీఎస్ ఎక్సెల్ మీద తిరుపతి గ్రౌండుకు తీసుకొస్తున్నాడు. ఆ టైంలో పాలు అమ్మ పిండుతుంది. ఆదివారం మాత్రం మా ఊరి రోడ్డు మీదే పరిగెత్తుతాను. నాయన వెనక బండి మీద వస్తాడు. రైల్వే గేటు దాటగానే "గేటు దాటేసినావు పాపా, ఇంక ఇల్లే!" అని అరుస్తాడు. అక్కడినుంచి మా ఇంటికి రెండు వందల మీటర్లు ఉంటుంది.

పోయిన నెల తిరుపతిలోనే రాష్ట్ర స్థాయి పోటీలు జరిగాయి. నాయన పొద్దున ఆరుకే వచ్చేశాడు. నా ఫైనల్ మూడు గంటలకన్నారు, ఐదున్నరకు పెట్టారు. అంతసేపూ ఎండలోనే నిలబడ్డాడు. లుంగీ, పాల మరకల చొక్కా, చేతిలో మజ్జిగ సీసా. రెండో చుట్టులో చివరి మలుపు మొదలయ్యే చోట కంచె పట్టుకుని, స్టేడియం మొత్తానికి వినపడేలా "గేటు దాటేసినావు పాపా, ఇంక ఇల్లే!" అని అరిచాడు. నాకు నాలుగో స్థానం వచ్చింది, 2 నిమిషాల 24 సెకన్లు. రేసు అయ్యాక మా కాలేజీ వాళ్లు "ఏ గేటే? ఎవరిల్లే?" అని ఒకటే నవ్వు. అప్పుడే నాయన మజ్జిగ సీసాతో దగ్గరకొచ్చాడు. "నువ్వెందుకొచ్చినావు నాయనా" అనేశాను, అందరి ముందూ. ఆయన ఏమీ అనలేదు. సీసా నా బ్యాగు పక్కన పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు మామూలుగానే గ్రౌండుకు తీసుకొచ్చాడు.

పోయిన వారం ఆయన పాల లెక్కల నోటుబుక్కు చూశాను. ప్రతి తేదీకీ పొద్దున పాలు ఆరు లీటర్లు, సాయంత్రం అయిదు, ఇలా రాసుకుంటాడు. పక్కనే నా టైం రాసి ఉంది. ఆయన హెచ్ఎంటీ చేతి వాచీలో చూసి రాసినవి. రెండేళ్ల కిందటి మొదటి పేజీలో 2-51 ఉంది. పోటీల రోజున మాత్రం పొద్దున ఆరు, సాయంత్రం మూడు, అంతే. నా టైం రాయలేదు.

అప్పటినుంచీ నాకు మనసు మనసులో లేదు. ఆయనకు థ్యాంక్స్ ఎలా చెప్పాలి? జిల్లా పోటీల్లో వచ్చిన రెండు వేలు దాచుకున్నాను, స్మార్ట్ వాచీ కొనిద్దామా? ఫాదర్స్ డేకి స్టేటస్ పెడితే బాగుంటుందా? ఆయన రుణం నేనెలా తీర్చుకోవాలి?

— పేరు వేయొద్దు, చంద్రగిరి మండలం

జవాబు: తల్లీ, ముందు నీ నాలుగో స్థానం సంగతి. ఒక్క ముక్కలో దాటేశావంటే అది నిన్ను ఎంత కొరుకుతోందో తెలుస్తూనే ఉంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరో వంతు తేడాతో నాలుగో స్థానంలో నిలిచింది. నలభై ఏళ్లు దాటినా ఆ పరుగు గురించి చెప్పుకుంటూనే ఉన్నాం. నిన్ను ఊరడించడానికి చెప్పడం లేదు ఇది. పతకం చేతిదాకా వచ్చి జారిపోయిన ఆ రెండు నిమిషాల్లో మనిషి మనిషిలా ఉండదు, పక్కన ఎవరుంటే వాళ్ల మీద విరుచుకుపడుతుంది. ఆ రోజు నీ పక్కన ఉన్నది మజ్జిగ సీసా పట్టుకున్న నాయన.

అలాగని అంతా నాలుగో స్థానం మీదికి నెట్టేయనివ్వను. నీకు సిగ్గేసింది. లుంగీ చూసి, మరకల చొక్కా చూసి, ఆ అరుపు విని సిగ్గేసింది. నీ ఉత్తరంలో ఆ మూడూ వరసగా రాశావు, సిగ్గు అనే మాట మాత్రం ఎక్కడా రాయలేదు. నేనూ ఆ సిగ్గు పడినదాన్నే కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను. మా అమ్మ నా లాంగ్ జంప్ పోటీలకు పాకాలలో రైలెక్కి చిత్తూరుకు వచ్చేది. క్యారియర్‌లో రాగి సంగటి, ఊరిబిండి. అందరూ కూర్చున్న చోటే చాప పరిచి మూత తీసేది. ఊరిబిండి వాసనకు పక్క జిల్లా వాళ్లు కూడా తల తిప్పి చూసేవాళ్లు. నేను కాళ్లు కడుక్కొస్తానని చెప్పి కుళాయి దగ్గరకు పోయి, అందరూ తినేదాకా వచ్చేదాన్ని కాదు. కాళ్లు అంత శుభ్రంగా ఎవరూ కడిగి ఉండరు.

కాబట్టి నీ ముందు రెండు పనులున్నాయి. రెంటినీ కలిపేయకు. ఒకటి, ఆ మాట వెనక్కి తీసుకోవడం. రెండోది, నువ్వు థ్యాంక్స్ అంటున్నది. చాలామంది పిల్లలు మొదటిది చెప్పలేక రెండోదాన్ని పెద్దదిగా చేస్తారు. క్షమించమనడానికి నోరు రాక వాచీ కొంటారు. ఆ వాచీ చూసినప్పుడల్లా ఇద్దరికీ ఆ మాటే గుర్తొస్తుంది.

మొదటిది చిన్న పని. సాయంత్రం ఆయన పాలు పితికేటప్పుడు కొట్టంలోకి పో. నాన్నలతో ఎదురెదురుగా కూర్చుని ఇలాంటివి మాట్లాడలేం, వాళ్లూ వినలేరు. చేతులకు పని ఉండాలి, తల ఆవు డొక్కకు ఆనించి ఉండాలి, మన మొహం కనపడకూడదు. బండి మీద వెనక కూర్చుని చెప్పొచ్చు కదా అనుకుంటావేమో. వద్దు. గాలికి వినపడక "ఏమంటివీ?" అంటాడు, రెండోసారి చెప్పడానికి నీకు నోరు రాదు. కొట్టంలోనే చెప్పు: "ఆ దినం అందరి ముందర అట్ల అన్నాను నాయనా. సిగ్గుపడి అన్నాను. తప్పు." ఇంతే. "కానీ నువ్వు కూడా అంత గట్టిగా అరవకుండా ఉంటే" అని తోక తగిలించకు. ఏడవొద్దు, ఏడిస్తే ఆయన నిన్ను ఓదార్చే పనిలో పడతాడు. ఆయన బహుశా "ఏ మాట? ఆ చెంబు ఇట్టియ్" అంటాడు. చెంబివ్వు. ఆ పని అయిపోయినట్టే.

ఇక రెండోది. మన ఇళ్లల్లో అమ్మకూ నాయనకూ థ్యాంక్స్ చెప్పే అలవాటు లేదు. మనకు కృతజ్ఞత లేదని కాదు, ఆ మాట ఇంట్లో పరాయిదానిలా వినపడుతుంది. టికెట్ ఇచ్చిన కండక్టరుకు చెప్పేదే నాయనకూ చెబితే, ఆయన ఒక క్షణం ఇదేందబ్బా అన్నట్టు చూస్తాడు. నేను ఒకసారి ఆ పొరపాటు చేశాను. మా కాలేజీలో సన్మానం చేస్తే మైకు పట్టుకుని, మా అమ్మ లేకపోతే నేను లేనని, ఆమె రుణం తీర్చుకోలేనని అన్నాను. చప్పట్లు బాగానే కొట్టారు. ఆ మాట ఎవరో అమ్మకు చేరవేశారు. ఇంటికి పోగానే "మైకులో నా పేరు చెప్పినావంటనే, ఎందుకట్ల? నేను ఏం తప్పు చేస్తిని?" అంది. ఆమె లెక్కలో మైకులో పేరు పిలిచేది రేషన్ కార్డుల గొడవలప్పుడే.

ఆ తర్వాత చాలా ఏళ్లకు, ఒక వానాకాలం మధ్యాహ్నం ఇద్దరం చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాం. ఊరికే మాటల్లో, ఇసుక గుంతలో దిగేటప్పుడు ఎలా ఉంటుందో చెప్పాను. మేం వెళ్లేముందు పారతో ఇసుకను తవ్వి గుల్ల చేస్తారని, మడమలు దిగగానే ఇసుక మెత్తగా పక్కకు జరుగుతుందని, లోపలికి పోయిన ఇసుక రెండు రోజులు తలలోంచి రాలుతూనే ఉంటుందని. అమ్మ చెయ్యి ఆగిపోయింది. "అయితే నొప్పి కాదా?" అంది. అన్నేళ్లూ ఆమె నేను దూకిన ప్రతిసారీ కళ్లు మూసుకునేదట. కూతురు పరుగెత్తుకుంటూ పోయి గుంతలో పడుతుందని మాత్రమే ఆమెకు కనపడేది. పాకాల నుంచి రైలెక్కి వచ్చి, సంగటి మోసుకొచ్చి, నాకు దెబ్బ తగలడం చూడటానికి కూర్చునేదన్నమాట. ఒక్క జంపు కూడా చూడలేదు. ఆ మధ్యాహ్నం నేను ఆమెకు మళ్లీ మొదటినుంచీ చెప్పాను, ఒక్కో పోటీ, ఒక్కో జంపు. మైకులో చెప్పిన దానికి తప్పుపట్టిన మనిషి దీనికి చింతపండు పక్కన పెట్టి విన్నది.

కృతజ్ఞత అనే మాటనే విడదీసి చూడు. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే తెలిసిన. చేసింది తెలిసి ఉండటం, అంతే దాని అర్థం. చెప్పడం, ఇవ్వడం, తీర్చడం ఏవీ ఆ మాటలో లేవు. అందుకే నీ ఉత్తరంలో రుణం అన్న చోట నాకు చిరాకేసింది. పాల కేంద్రం వాళ్లు లీటర్లూ ఫ్యాటూ లెక్కగట్టి బిల్లు వేస్తారు, అది రుణం, తీరుతుంది. నాయనతో లెక్క పెట్టుకుంటే ఎక్కడని మొదలుపెడతావు?

కాబట్టి నేను చెప్పేది ఇది: ఆయనకు ఆ రేసు చెప్పు. కంచె బయటినుంచి ఆయన చూసింది వేరు, లోపల నీకు జరిగింది వేరు. రెండేళ్లు నిన్ను ఆ గీత దాకా మోసుకొచ్చిన మనిషికి గీత అవతల ఏముందో తెలియదు. పిస్తోలు పేలేముందు కడుపులో ఏమవుతుందో చెప్పు. మొదటి మలుపు దాకా ఎవరి లైన్లో వాళ్లే పరిగెత్తాలని, అది దాటాక అందరూ లోపలికి కమ్ముకొస్తారని, అక్కడ మోచేతులు ఎలా తగులుతాయో, ముందున్న అమ్మాయి ముళ్ల బూట్లు, అదే స్పైక్స్, నీ మోకాలికి ఎంత దగ్గరగా లేస్తాయో చెప్పు. మొదటి చుట్టు అయి గంట మోగినప్పుడు నువ్వు ఎన్నోదానివి? ఆ తర్వాతి రెండు వందల మీటర్లలోనే కదా 800 మీటర్ల రేసు చాలామంది చేతుల్లోంచి పోయేది. ఊపిరి చాలదు, తొడలు రాళ్లవుతాయి, గీత ఇంకా కనపడదు. సరిగ్గా అక్కడ నీకు రైల్వే గేటు వినపడింది.

నీ స్నేహితులు దేనికి నవ్వారో నాకర్థమైంది. నువ్వు దేనికి సిగ్గుపడ్డావో కూడా. కానీ కోచ్‌గా చూస్తే ఆ అరుపును నేను కొట్టేయలేను. చివరి మలుపు మొదలయ్యే చోట అంటే ఇంకా రెండు వందలుంది. గేటు నుంచి మీ ఇంటికీ రెండు వందలే. ఆయన స్టేడియంలో నిలబడి నీ కాళ్లకు అలవాటైన దూరాన్ని గుర్తు చేశాడు. గో, కమాన్, ఫాస్ట్ అని అందరూ అరుస్తారు, వాటిలో సమాచారం ఏమీ లేదు. అది విన్నప్పుడు నీకేమైంది? కాలు సాగిందా, కోపమొచ్చిందా, నవ్వొచ్చిందా? ఏదైతే అది దాచకుండా చెప్పు. "నీ అరుపుకే నాకు నాలుగో స్థానమైనా వచ్చింది" లాంటి తీపి అబద్ధం మాత్రం వద్దు. రోజూ వాచీ చూసే మనిషి, పట్టేస్తాడు.

నాన్నల గురించి మాట్లాడితే 1992 బార్సిలోనా ఒలింపిక్స్ కథ ఎవరో ఒకరు ఎత్తుతారు, నేనూ ఎత్తుతున్నాను. 400 మీటర్ల సెమీఫైనల్లో బ్రిటన్ రన్నర్ డెరెక్ రెడ్‌మండ్ తొడ వెనక కండరం చిరిగి మధ్యలోనే కూలబడ్డాడు. లేచి ఒంటికాలి మీద కుంటుతుంటే, వాళ్ల నాన్న జిమ్ సెక్యూరిటీ వాళ్లను తోసుకుని ట్రాక్ మీదికి వచ్చేశాడు. కొడుకు ఆయన భుజం మీద వాలి ఏడుస్తూ నడిచాడు. బయటి మనిషి సాయం తీసుకున్నాడు కాబట్టి రికార్డులో ఆ రేసు పూర్తయినట్టు లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌కు జ్యోతి పట్టుకుని పరిగెత్తిన వాళ్లలో జిమ్ కూడా ఉన్నాడు. అందరికీ ఆయన లోపలికి దూకడమే గుర్తు. నాకు గుర్తున్నది, గీత ముందు ఆయన కొడుకును వదిలేసి, చివరి అడుగులు వాణ్నే వేసుకోనివ్వడం. మీ నాయన సీసా పెట్టి మాటాడకుండా పోవడం కోపమో బాధో నువ్వు తేల్చుకోలేకపోతున్నావు. బాధే అయి ఉంటుంది. కానీ ఆ గుంపులో నీకు అడ్డు కాకూడదని కూడా పోయి ఉంటాడు.

ఇక అమ్మ. నీ ఉత్తరంలో అమ్మకు ఒకే వాక్యం దక్కింది: ఆ టైంలో పాలు అమ్మ పిండుతుంది. తర్వాత అంతా నాయనే. నోటుబుక్కులో పోటీల రోజు టైం లేకపోవడం నీకు కనపడింది, దాని పక్కనే ఉన్నది కనపడలేదు. సాయంత్రం మూడు లీటర్లు. మామూలుగా అయిదని నువ్వే రాశావు. చేయి మారితే ఆవు పాలు చేపదు తల్లీ. పొద్దున అమ్మ చేతికి అలవాటు పడినా, సాయంత్రం నాయన కోసం చూసే ఆవు అమ్మకు తక్కువే ఇచ్చి ఉంటుంది, తన్ని కూడా ఉండొచ్చు. ఆ క్యాన్ కేంద్రానికి ఎవరు మోశారు? బండి తిరుపతిలో నీ దగ్గరుంది కదా. నాయన కంచె పట్టుకుని అరవడానికి ఇంట్లో ఒకరు ఆవు తన్నులు తిన్నారు.

నాయన కథలు బయటికి బాగా కనపడతాయి, ఆయన స్టేడియంలో ఉంటాడు కాబట్టి. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో 100 మీటర్ల హర్డిల్స్ 13.09 సెకన్లలో పరిగెత్తి ఆసియా చాంపియన్ అయింది. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు. ఇలాంటి ఇళ్లలో ఒకరు పోటీకి రావాలంటే ఒక డ్యూటీ పోవాలి, లేదా ఆ డ్యూటీ ఇంకొకరు చేయాలి. మీ ఇంట్లో ఆ ఇంకొకరు అమ్మ. కాబట్టి రేసు ఆమెకూ చెప్పు. నాయనకు చెప్పినట్టు కాదు, ఆమెకు స్టేడియమే తెలియదు. అదెంత పెద్దదో, నాయన ఎక్కడ నిలబడ్డాడో అక్కడినుంచి మొదలుపెట్టు. లుంగీ సంగతి చెబితే ఆమే నవ్వుతుంది, "నేను ప్యాంటు ఇస్త్రీ చేసి పెడితిని కదా" అంటుందేమో కూడా.

వాచీ కొనొద్దు. హెచ్ఎంటీ ముల్లు చూసి రెండేళ్లు రాసిన చేతికి స్మార్ట్ వాచీ పెడితే, ఆయన దాన్ని బీరువాలో పెడతాడు, నువ్వు అడిగినప్పుడల్లా "ఉంది లే" అంటాడు. రెండు వేలు ఖర్చు పెట్టి తీరాలంటే దాణా బస్తా తెచ్చి కొట్టంలో దించు. ఆ రెండు లీటర్లు పోయింది ఆవు దగ్గర, బహుమతి డబ్బులూ అక్కడికే చేరనీ. మిగిలితే నీ స్పైక్స్‌కు పిన్నులు కొనుక్కో, ఆయనకు అదీ సంతోషమే. ఫాదర్స్ డే స్టేటస్ నీ ఇష్టం. పెట్టుకో, కానీ దాన్ని నాయనకు చెప్పినట్టుగా లెక్క వేసుకోకు. అది చూసేది ఆ రోజు నవ్విన వాళ్లే. ఆ నోటుబుక్కు పేజీ ఫొటో మాత్రం పెట్టకు. అది ఆయన నీకు చూపించింది కాదు.

వచ్చే పోటీకి ఆయన రావాలి. నువ్వే పిలవాలి, నోరు తెరిచి, తేదీ చెప్పి. ఊరికే పిలిస్తే ఆ మాట గుర్తొచ్చి "పని ఉంది పాపా" అంటాడు, అందుకని పని అప్పజెప్పు. చివరి మలుపు మొదలయ్యే చోటే నిలబడమను, మొదటి చుట్టులో ఆయన ముందునుంచి పోయేటప్పుడు ఎంతయిందో వాచీలో చూసి అరవమను, రెండో చుట్టులో గేటు మాట అరవమను. కంచె అవతలినుంచి ఎంత అరిచినా రూల్స్ ఒప్పుకుంటాయి. ట్రాక్ లోపలికి రాకూడదు, నీ పక్కన పరిగెత్తకూడదు, అలా చేస్తే నీకే నష్టం, ఇది ముందే చెప్పు. టైములు తారుమారవుతాయని కూడా చెప్పు. పొద్దున ఆరునుంచి ఎండలో నిలబెట్టకు, రేసుకు ముందు మిమ్మల్ని చేర్చే కాల్ రూమ్‌కు పిలిచే టైం తెలియగానే ఫోన్ చేస్తానను. లుంగీలో వస్తే లుంగీలోనే రానీ. ఎవరైనా ఏ గేటు అని అడిగితే, మా ఊరి రైల్వే గేటు అని చెప్పు. నవ్వితే ఈసారి నువ్వూ నవ్వు, అందులో నిజంగానే నవ్వు ఉంది.

ఇవన్నీ ఒకే సాయంత్రం చేయొద్దు. మొదట కొట్టంలో ఆ మాట. రేసు రెండు మూడు రోజుల తర్వాత. చెప్పడం అయ్యాక ఒక ప్రశ్న అడుగు: "ఆ దినం నా టైం ఎందుకు రాయలేదు నాయనా?" నువ్వు దానికి జవాబు ముందే రాసుకున్నావు, నీ మీద కోపంతో రాయలేదని. నాకెందుకో వేరేలా అనిపిస్తోంది. రెండు చేతులతో కంచె పట్టుకుని అరిచే మనిషి వాచీ చూసుకోగలడా? ఆయన ఏం చెప్పినా మధ్యలో దూరకుండా విను. నువ్వు నీ రేసు చెప్పావు, ఆయన రేసు ఇంకా ఎవరూ అడగలేదు. చివర్లో నోటుబుక్కు తెమ్మని, ఆ మూడు లీటర్ల పక్కన 2-24 అని ఆయన చేతే రాయించు. పెన్ను ముందే జేబులో పెట్టుకుని పో, కొట్టంలో వెతికితే దొరకదు.